వెళ్లమంటారా, ఉండమంటారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే దారిలో ఉన్నాయి, అందుకని మిగతావి పై సంచికకి ఉంచి వీటికే చోటిస్తున్నాను. నాలుగూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవే. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు, గుజరాత్‌లోని వెరావల్... వెళ్లే చోట్లు వేరు గానీ ఇంట్లో టెన్షన్ మాత్రం ఒకటే. పేర్లు, ఊళ్లు తీసేశాను, ఉత్తరాలు కొంచెం కుదించాను.

ప్రశ్న: అక్కా, మాది మందస మండలం. నాకు 27 ఏళ్లు. మెకానికల్ డిప్లొమా చేసి పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు, సరుకు చూసుకుంటున్నాను. జీతం 17 వేలు. నాన్నకి కిడ్నీలు పాడై రెండేళ్లవుతోంది, వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. నేనే బండి మీద తీసుకెళ్లి దింపి, డ్యూటీకి వెళ్లి, మధ్యలో పర్మిషన్ పెట్టి మళ్లీ తెచ్చి ఇంట్లో దింపుతాను. తిరిగొచ్చేటప్పుడు నాన్నకి కళ్లు తిరుగుతాయి, అందుకని తువ్వాలుతో ఆయన్ని నా నడుముకి కట్టుకుని మెల్లగా నడుపుతాను. ఇప్పుడు శ్రీపెరుంబుదూరులో కార్ల విడిభాగాల కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో ఆఫర్ వచ్చింది. 38 వేలు అంటున్నారు, చేతికి 33 వేలు వస్తుందట. నెలన్నరలో చేరాలి. నాన్న "నా కోసం నీ బతుకు ఆపుకోకు, వెళ్లు" అంటున్నాడు. అమ్మ ఏమీ అనదు. పెదనాన్నేమో "డిప్లొమా చదివి జీడి పిక్కల బస్తాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటావా" అంటాడు. అక్కని ఇచ్చిన ఊరు మాకు ఐదు కిలోమీటర్లే. బావ "నేను చూసుకుంటాలే" అన్నాడు. నాకు నిద్ర పట్టట్లేదు. వెళ్తే స్వార్థమా, ఉండిపోతే చేతకానితనమా?

జవాబు: తమ్ముడూ, స్వార్థం, చేతకానితనం అన్న ఆ రెండు మాటలు ముందు పక్కన పెట్టు. రెండేళ్లుగా తండ్రిని నడుముకి కట్టుకుని ఇంటికి తెస్తున్న కొడుక్కి ఆ రెండింటిలో ఏదీ అంటదు. ఈ మాట ఊరికే ఓదార్పుకి అనడం లేదు. ఆ రెండు మాటలు బుర్రలో తిరుగుతున్నంతసేపూ అసలు చూడాల్సినవి కనబడవు, అందుకే ముందు అవి తియ్యమంటున్నాను.

నువ్వు అడిగింది వెళ్లాలా వద్దా అని. నీ ఉత్తరంలో నాకు కనిపించింది ఇంకోటి. నువ్వు ఇంట్లో చేస్తున్న పని ఎంతో నీకే లెక్క లేదు. దింపడం, తీసుకురావడం రాశావు, అంతే. డయాలసిస్ మనిషి ఉన్న ఇంట్లో పని అంతటితో తీరదు కదా. ముందురోజు రాత్రి ఎన్ని నీళ్లు తాగాడో, రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎంత పెరిగాడో, కాళ్లు పొంగాయో లేదో, పడుకుంటే ఆయాసం వస్తోందో లేదో ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చెయ్యి మీద చెయ్యి పెడితే లోపల సన్నగా అదురుతున్నట్టు తెలుస్తుంది, అది రోజూ చూసుకోమని డాక్టర్లు చెబుతారు, ఆ అదురు ఆగితే ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, సూది వెయ్యనివ్వకూడదు, ఆ చేత్తో బరువు ఎత్తనివ్వకూడదు. ఇక తిండి. మీ పలాస, మందస వైపు, అంటే ఉద్దానంలో, ఇంటికొచ్చిన చుట్టానికి బొండాం కొట్టి ఇవ్వడం మర్యాద, డయాలసిస్ మనిషికి అదే ముప్పు, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అది పెరిగితే గుండె మీదికొస్తుంది. అరటిపండు కూడా అంతే. ఎవరో చుట్టం ప్రేమగా బొండాం చేతికిచ్చినప్పుడు "వద్దు మావయ్యా" అని అడ్డుపడేది ఇప్పుడు నువ్వే అయి ఉంటావు. ఇవన్నీ బావకి తెలుసా? అమ్మకి తెలుసా? లేక అన్నీ నీ తలలోనే ఉన్నాయా?

ఒక కాగితం తీసుకుని సోమవారం పొద్దున్నుంచి ఆదివారం రాత్రి దాకా నాన్న కోసం నువ్వు చేసే ప్రతి పనీ రాయి. మందుల షాపుకి వెళ్లడం, టెక్నీషియన్‌తో మాట్లాడటం, రక్త పరీక్ష రిపోర్టు ఫోన్లో దాచడం, ఒకటో తారీఖున పింఛను అందిందో లేదో చూడటం, అన్నీ. ప్రతి పని పక్కనా నువ్వు లేకపోతే అది చేసే మనిషి పేరు రాయి. "ఎవరో ఒకరు" అని రాయకు, పేరు రాయి. పేరు పడని గడులు ఎన్ని మిగిలాయో చూస్తే నీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

బావ సంగతి. ఆయన మాట మంచి మనసుతోనే అన్నాడు, నాకు అనుమానం లేదు. ఆయన ఏం పని చేస్తాడో మాత్రం నువ్వు రాయలేదు. జీడితోట ఉంటే మార్చి నుంచి మే దాకా పిక్క ఏరే కాలం, పొలం ఉంటే నవంబరు, డిసెంబరుల్లో కోతలు, కుప్పలు. ఆ నెలల్లో కూడా వారానికి మూడు పొద్దులు, ఒక్కో పొద్దు ఐదారు గంటలు ఇవ్వగలడా? ఇది నోటితో తేలే విషయం కాదు. నీకు చేరడానికి నెలన్నర టైముంది, అందులో ఒక నెల బావ చేతిలో పెట్టి చూడు. వచ్చే సోమవారం నుంచి ఆయనే తీసుకెళ్లాలి, ఆయనే తేవాలి, నువ్వు ఊళ్లోనే ఉండి మామూలుగా డ్యూటీ చేసుకో. నాన్నకి కష్టం కలిగితే తప్ప చెయ్యి వెయ్యకు. ఉద్యోగానికి రాజీనామా కూడా ఇప్పుడే పెట్టకు. నెల గడిచేసరికి బావ ఎన్నిసార్లు రాలేకపోయాడో, రాలేని రోజు ముందే చెప్పాడో లేదో, నాన్న ఆయన బండి మీద ధైర్యంగా కూర్చున్నాడో లేదో నీకే తెలుస్తుంది. అక్కతో కూడా విడిగా మాట్లాడు, బావ ఇచ్చిన మాట భారం సగం ఆవిడ మీదే పడుతుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఈ అంకెలు నేను వేసినవి, నీవి నువ్వు వేసుకో. ఇక్కడ 17 వేలలో పెట్రోలు, నీ చేతిఖర్చు ఓ 3 వేలు పోతే ఇంటికి 14 మిగులుతుందనుకుందాం. అక్కడ 33 వేలలో, ముగ్గురు కలిసి గది తీసుకుంటే నీ వాటా 5, తిండికి 6, రాకపోకలూ ఫోనూ చిన్నాచితకా 3, నెలకోసారి ఇంటికి రావడానికి దారి ఖర్చులతో కలిపి 2. పదహారు పోయింది, పదిహేడు మిగిలింది. వెయ్యి కిలోమీటర్లు వెళ్లినందుకు ఇంటికి ఎక్కువ వచ్చేది 3 వేలు. బావకి కుదరక ఆటో మాట్లాడుకోవాల్సి వస్తే? రానూపోనూ, మధ్యలో నాలుగు గంటలు ఆగడానికి 500 అన్నా నెలకి పన్నెండు పదమూడు సార్లకి 6 వేలు దాటుతుంది, అప్పుడు ఇక్కడ ఉన్నప్పటికంటే తక్కువే మిగులుతుంది. 38 అన్న అంకె పెదనాన్నకి పెద్దగా వినపడింది, ఈ లెక్క ఆయన వెయ్యలేదు.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. క్వాలిటీలో రెండేళ్లు చేస్తే దాని మీద ఇంకో మెట్టు ఎక్కొచ్చు, జీడి ఫ్యాక్టరీ లెక్కల్లో నీ డిప్లొమాకి ఆ దారి కనబడటం లేదు. 27 ఏళ్లకి ఆ దిగులు న్యాయమైనదే, పెదనాన్న మాటలో ఉన్న ఆ ఒక్క ముక్కా నేను కొట్టిపారెయ్యను. కానీ నీ చదువుకి పని శ్రీపెరుంబుదూరులోనే ఉందా? విశాఖ దగ్గర అచ్యుతాపురం, పరవాడ, గాజువాక వైపు ఎన్ని ఫ్యాక్టరీలు లేవు! ఇటు పైడిభీమవరంలో మందుల కంపెనీలు ఉన్నాయి, వాటిలో మెయింటెనెన్స్‌కి మెకానికల్ వాళ్లు కావాలి. పలాస నుంచి విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు, వారం సెలవుకి ముందురోజు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటావు. నాన్నకి ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే కొన్ని గంటల్లో చేరతావు. చెన్నై నుంచైతే హౌరా మెయిల్‌లో టికెట్ దొరకాలి, లేదా విశాఖ దాకా విమానం, అక్కడి నుంచి మళ్లీ రోడ్డు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, పండక్కి రావాలంటే అది సరిపోతుంది గానీ ఆయాసం 60 రోజుల ముందు చెప్పి రాదు.

నాన్నా అమ్మా ఇద్దర్నీ చెన్నై తీసుకెళ్లిపోవాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. పలాసలో డయాలసిస్ ఉచితంగా జరుగుతోంది, 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా అక్కడే మొదలైంది, డయాలసిస్ వాళ్లకి నెలకి 10 వేల పింఛను ఇంటికొచ్చి ఇస్తున్నారు. ఊరు దాటితే ఇవన్నీ చిక్కులో పడతాయి. పైగా ఆ మంచం మీద నాలుగు గంటలు పడుకున్న మనిషి "అమ్మా, కళ్లు తిరుగుతున్నాయి" అని తెలుగులో అంటే వెంటనే అర్థమయ్యే నర్సు పక్కన ఉండటం చిన్న సంగతి కాదు.

అమ్మ ఏమీ అనదని ఒక్క ముక్కలో రాసేశావు. నాకు ఆవిడ గురించే ఎక్కువ దిగులుగా ఉంది. నువ్వు వెళ్తే రాత్రిళ్లు ఆ ఇంట్లో మెలకువగా ఉండేది ఆవిడే. ఒకరోజు సెలవు పెట్టి ఆవిణ్ణి కూడా పలాస తీసుకెళ్లు, నాన్న లోపల ఉన్న ఆ నాలుగు గంటలూ ఆవిడతో బయట కూర్చో. "వెళ్లనా అమ్మా" అని అడగకు, ఏ తల్లయినా వెళ్లమనే అంటుంది. "నేను లేనప్పుడు అర్ధరాత్రి నాన్నకి ఊపిరి ఆడకపోతే ఎవరికి ఫోను చేస్తావు, ఎలా తీసుకెళ్తావు" అని అడుగు. ఆవిడ తడుముకోకుండా 108 అని, ఫలానా వాళ్ల ఇల్లని, ఫలానా ఆటో అని చెబితే సరే. ఆవిడ నీ మొహం చూసి ఊరుకుంటే ఆ ఇల్లు నువ్వు లేకుండా నడవడానికి ఇంకా సిద్ధంగా లేదని అర్థం. నాన్న వెళ్లమన్నది కూడా నిజమే, నీ మీద ప్రేమతోనే అన్నాడు, కానీ తన అవసరం ఎంతో ఆయన తగ్గించే చెబుతాడు, అది తండ్రుల స్వభావం.

నన్ను ఒక్కటే చెప్పమంటే, ఈ ఉద్యోగానికి ఇప్పుడు వెళ్లొద్దు. విశాఖ వైపు ఈ నెల నుంచే గట్టిగా వెతుకు, శ్రీపెరుంబుదూరు ఆఫర్ లెటర్ చేతిలో ఉందని చెప్పు, అది నీకు బలం. బావతో నెల రోజులూ చక్కగా నడిచి, అమ్మ ఆ ప్రశ్నకి తడబడకుండా జవాబిచ్చి, కాగితంలో ఖాళీ గడి మిగలకపోతే అప్పుడు నా మాట పక్కన పెట్టి చెన్నై వెళ్లు. వెళ్లినా ఆరు నెలలకి ఒకసారి అందరూ కూర్చుని మళ్లీ మాట్లాడుకోవాలని ముందే తేదీ పెట్టుకుని వెళ్లు.

ఇంకొక్కటి, ఎక్కడ ఉన్నా సరే. ఉద్దానంలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు రావడం చూస్తూనే ఉన్నాం. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నువ్వూ, అక్కా, అమ్మా కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి, ఏడాదికోసారి. ఒళ్లునొప్పులకి షాపులో అడిగి మాత్రలు కొనుక్కుని మింగే అలవాటుంటే ఈ రోజే మానెయ్యి.

ప్రశ్న: అమ్మా, మాది రాజాం దగ్గర పల్లె. ఆయనకి 68, నాకు 62. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటున్నాడు, ఊళ్లో ఇల్లు అమ్మేసి ఆ డబ్బు కలిపి మమ్మల్ని వచ్చెయ్యమంటున్నాడు. వాడు మంచివాడే. ఏం చెయ్యమంటారు?

జవాబు: వెళ్లండి, ఇల్లు మాత్రం అమ్మకండి. కొడుకు మంచితనానికీ దీనికీ సంబంధం లేదు. ముందు ఒక వేసవి, ఒక వానాకాలం అక్కడ ఉండి చూడండి. మీ ఆయనకి పొద్దున్నే రచ్చబండ దగ్గర కూర్చునే అలవాటుంటే, నాలుగో అంతస్తులో ఆయనకి రోజు ఎలా గడుస్తుందో మీకు నెలలోపే తెలిసిపోతుంది. ఆయనకి ప్రభుత్వ పింఛను వస్తుంటే అది ఊళ్లోనే ఇస్తారు, వరసగా నెలలు తీసుకోకపోతే ఆగిపోతుంది కాబట్టి వెళ్లేముందు సచివాలయంలో అడిగి వెళ్లండి. ఇల్లు తాళం వేసి వదిలెయ్యకుండా తెలిసినవాళ్లని ఎవరినైనా ఒక గదిలో ఉండనివ్వండి, పెంకుటిల్లయితే మరీనూ, మనిషి లేని ఇల్లు రెండు వానలకే కూలబడుతుంది. అబ్బాయి ఫ్లాటుకి డబ్బు కావాలంటే మీ దగ్గర ఉన్నదాంట్లో మీకు బరువు కానంత ఇవ్వండి. ఇల్లు మీ ఇద్దరి పేరు మీదే ఉండాలి. ఈ మాట అబ్బాయికి మీ ఆయన చేతే చెప్పించండి, కోడలి ముందు చెప్పించండి, తర్వాత ఎవరూ ఎవరినీ అనుకోకుండా ఉంటుంది.

ప్రశ్న: అక్కా, మాది బొబ్బిలి వైపు. జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చేశాను, నాకు 24. విజయనగరంలో ఒక నర్సింగ్ హోములో 12 వేలకి చేస్తున్నాను. నాన్న పనిచేసే జూట్ మిల్లు మూతపడ్డాక వాచ్‌మన్‌గా వెళ్తున్నాడు, తమ్ముడు ఇంటర్. బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో 24 వేలు, హాస్టల్ ఇస్తామన్నారు. రెండేళ్ల బాండు రాయమంటున్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టమంటున్నారు. అమ్మ "పెళ్లి కాని పిల్లవి, అంత దూరం వెళ్తే సంబంధాలు రావు" అని ఏడుస్తోంది. నాన్న "నీ ఇష్టం" అంటున్నాడు. నాకు వెళ్లాలని ఉంది, కానీ అమ్మని ఏడిపించి వెళ్లబుద్ధి కావట్లేదు.

జవాబు: వెళ్లు తల్లీ. ఈ మాట ఆలోచించకుండా రాయడం లేదు. మీ ఇంట్లో నువ్వు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని అంటూ ఇప్పుడు లేదు. నాన్న తిరుగుతున్నాడు, అమ్మ ఆరోగ్యంగా ఉంది, తమ్ముడు చదువుకుంటున్నాడు. జూట్ మిల్లు తాళం పడితే ఇంటికి ఎలా ఉంటుందో ఈ జిల్లాలో తెలియని వాళ్లు లేరు, నాన్న జీతం మీద భరోసా తగ్గినప్పుడు నువ్వు నిలబడటం ఇంటికి బలం. పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీ చేసిన అనుభవం తర్వాత విశాఖ వచ్చినా, ఇంకెక్కడికి వెళ్లినా నీ వెంట వస్తుంది.

అమ్మ భయాన్ని వాదించి తగ్గించలేవు, చూపించి తగ్గించాలి. చేరడానికి వెళ్లేటప్పుడు ఆవిణ్ణి వెంట తీసుకెళ్లు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విజయనగరంలో ఎక్కితే తిన్నగా బెంగళూరే, బండి మారే పని లేదు. హాస్టల్ గది చూడనీ, గేటు దగ్గర వాచ్‌మన్‌ని చూడనీ, నీతో గదిలో ఉండే అమ్మాయితో రెండు మాటలు మాట్లాడనీ, అక్కడి అన్నం ఒక పూట తిననీ. రాత్రి డ్యూటీ అయ్యాక హాస్టల్‌కి ఎలా వస్తావో ఆ దారి కూడా చూపించు. తల్లి కళ్లకి ఒకసారి గది కనబడితే ఫోనులో నీ గొంతు విన్నప్పుడు ఆవిడకి ఆ గదే గుర్తొస్తుంది, లేకపోతే టీవీలో చూసిన వార్తలన్నీ గుర్తొస్తాయి.

సంబంధాల మాట. ఉద్యోగం చేసే నర్సు కావాలనుకునే ఇళ్లు ఈ జిల్లాల్లో చాలానే ఉన్నాయి. దూరం వెళ్లిందని పిల్లని తప్పుగా అనుకునే ఇంటికి నువ్వు వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం, అమ్మతో కూడా ఇదే చెప్పు. నాన్న "నీ ఇష్టం" అన్నాడు కదా, ఆయన్ని అమ్మ ముందు ఒక్కసారి "వెళ్లనీ" అని నోరు తెరిచి అనమను. నీ ఇష్టం అంటే ఆ బరువు నీ ఒక్కదాని నెత్తిన పడుతుంది.

కాగితాల దగ్గర మాత్రం మెత్తబడకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, జిరాక్స్ ఇవ్వు, ఒరిజినల్స్ ఎవరి బీరువాలోనూ పెట్టకు. అవి లేకుండా రేపు ఇంకో చోట ఇంటర్వ్యూకి కూడా వెళ్లలేవు. అదే షరతు అంటే ఇంకో ఆసుపత్రి చూసుకో, నర్సులు కావాలనే ఆసుపత్రులు బెంగళూరులో ఒకటి కాదు. బాండు రాసే ముందు మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఎన్ని నెలలకి ఎంత తగ్గుతుంది, వాళ్లే తీసేస్తే ఏమిటి అని అడిగి, ఆ జవాబులు కాగితం మీద ఉన్నాయో లేదో చూడు. నీ నర్సు రిజిస్ట్రేషన్ మన రాష్ట్రంలోది, కర్ణాటకలో పనిచెయ్యడానికి అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో చేయించుకోవాల్సింది ఏముందో, ఆ ఖర్చు ఎవరిదో చేరకముందే తేల్చుకో. ఈఎస్ఐ అనే ఉద్యోగుల ప్రభుత్వ వైద్య బీమాకి జీతం పరిమితి 21 వేలు, నీది దాటేలా ఉంది కాబట్టి అది రాకపోవచ్చు. దానికి బదులు ఆసుపత్రి ఇచ్చే బీమాలో అమ్మానాన్నలు వస్తారా అని అడుగు, నర్సులు సిగ్గుపడి అడగరు, అడగాలి.

ఇంటికి నెలకి ఇంత అని ఒక అంకె అనుకుని అంతే పంపు. మొదటి నెల జీతమంతా పంపేస్తే రెండో నెల కూడా అంతే వస్తుందని ఇల్లు అలవాటు పడుతుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి రావాలనుంటే దసరా అయ్యాక వచ్చే మంగళవారం ఎప్పుడో చూసుకుని, వార్డు ఇన్‌ఛార్జికి ముందే చెప్పి, టికెట్ తెరిచిన రోజే తీసుకో. నాలుగు రోజులు ముందు అడిగితే సెలవూ దొరకదు, బెర్తూ దొరకదు.

ప్రశ్న: అమ్మా, మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన ఏటా గుజరాత్ వెరావల్ వెళ్లి బోటు మీద పనిచేస్తాడు, ఆగస్టుకి వెళ్తే ఎండాకాలానికి వస్తాడు. ఇప్పుడు ఇంటర్ పాసైన మా అబ్బాయిని కూడా తీసుకెళ్తానంటున్నాడు. వాడికి 18. వాడు వెళ్తాననే అంటున్నాడు. నాకు ఒక్కదానికే ఇష్టం లేదు.

జవాబు: మీ ఒక్కరిదే అయినా ఆ అయిష్టానికి విలువ ఉంది, దాన్ని పట్టుకునే ఉండండి. 2018 నవంబరులో మన జిల్లాల వాళ్లు పనిచేస్తున్న గుజరాత్ బోట్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర విడిచిపెట్టేదాకా ఇక్కడ ఇళ్లలో ఎలా గడిచిందో మీ ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తండ్రీ కొడుకూ ఒకే బోటు మీద ఉండి అలాంటిదేదైనా జరిగితే ఇంట్లో సంపాదించే చెయ్యి ఒక్కటీ మిగలదు. మీ ఆయనకి ఈ మాట సూటిగా చెప్పండి. ఆయనకి సముద్రం తెలుసు, ఈ లెక్క ఆయన కాదనలేడు.

అబ్బాయి ఒక్క ఏడాది ఆగనీ. ఇంటర్ పాసైనవాడు, శ్రీకాకుళంలో డిగ్రీ ఉంది, ఐటీఐ ఉంది, ఫిట్టరో వెల్డరో నేర్చుకుంటే సముద్రం మీదకి వెళ్లినా ఇంజిన్ దగ్గర పనిచెయ్యొచ్చు, ఒడ్డు మీదా బతకొచ్చు. మూలపేటలో పోర్టు కడుతున్నారు, అక్కడ మనవాళ్లకి పని దొరకాలంటే చేతిలో సర్టిఫికెట్ ఉండాలి. "నువ్వు వెళ్లకు" అంటే ఆ వయసు పిల్లాడు వినడు. వెళ్లే తేదీ లోపల ఐటీఐకి అప్లికేషన్ పెట్టించండి, మేనమామో మాస్టారో వాడు వినే మనిషి చేత చెప్పించండి.

మీ ఆయన ఎలాగూ వెళ్తాడు కాబట్టి ఈసారి బయల్దేరే ముందు బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, బోటు యజమాని పేరు, ఫోను, అడ్వాన్సు ఎంత తీసుకున్నాడో, అన్నీ మీ నోటుబుక్కులో రాయించుకోండి. ఆధార్, మత్స్యకారుల గుర్తింపు కార్డు జిరాక్సులు మీ దగ్గర ఒక సెట్టు ఉండాలి. 2018లో పట్టుబడ్డవాళ్ల ఇంట్లో ఆడవాళ్లని ఆఫీసుల్లో ముందు అడిగేది ఈ కాగితాలే అయి ఉంటుంది, రేపు మిమ్మల్ని అడిగినా అవే అడుగుతారు. వేటకి వెళ్లేవాళ్లకి ప్రభుత్వ ప్రమాద బీమా ఉంది, ప్రాణం పోతే 5 లక్షలు ఇస్తారు. అందులో ఆయన పేరు ఉందో లేదో మీ ఊరి సచివాలయంలో మత్స్యశాఖ అసిస్టెంట్‌ని అడిగి, లేకపోతే ఆయన ఆగస్టులో రైలెక్కక ముందే రాయించండి.